బాకీ కేసులో మిగిలిపోయిన బాకీ

మా ఇంట్లో ఒక కథ ప్రచారంలో ఉంది. పెళ్లిళ్లలో, పండగ భోజనాల దగ్గర మా బాబాయ్ చెప్తూ ఉంటాడు. "వీడు డాక్టర్ కావాల్సినోడు. మనకి రిజర్వేషన్ లేదు కదా, సీటు రాక ఇంజినీరింగులో పడ్డాడు." వినేవాళ్లు అయ్యో పాపం అన్నట్టు చూస్తారు. నేను ఏమీ అనను. తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటాను.

జరిగింది వేరు. 2006లో పదో తరగతి అయ్యాక నాన్నా నేనూ జూనియర్ కాలేజీకి వెళ్లాం. కౌంటర్లో కూర్చున్నాయన తలెత్తకుండానే "ఎంపీసీనా, బైపీసీనా?" అన్నాడు. నాన్న "ఎంపీసీ" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నాకు బయాలజీ ఇష్టమని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. కానీ బైపీసీ అంటే ఒక ఏడాదితో తేలే వ్యవహారం కాదు. లాంగ్ టర్మ్ కోచింగులు, మళ్లీ మళ్లీ పరీక్షలు. ఇంజినీరింగయితే నాలుగేళ్లకి ఉద్యోగం. రెండు నిమిషాల్లో ఫారం నింపేశారు. ఎంసెట్‌లో మెడికల్ పేపరు నేను రాయనే లేదు. రాయని పరీక్షకి ర్యాంకు ఉండదు. లేని ర్యాంకుకి సీటు ఎవరో తన్నుకుపోయే ప్రశ్నే లేదు.

ఇప్పుడు నాకు ముప్పై మూడు. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ నీట్‌కి ఉన్న గరిష్ఠ వయోపరిమితి తీసేసింది. అంతకు ముందు అది జనరల్ కేటగిరీకి 25, రిజర్వుడు కేటగిరీలకి 30. ఆ నిబంధన మీద కోర్టుల్లో చాలాకాలం నలిగింది. 2023 నవంబరులో ఇంకో ప్రకటన వచ్చింది. ఇంటర్లో బయాలజీ లేకుండా పాసైనవాళ్లు కూడా దాన్ని అదనపు సబ్జెక్టుగా విడిగా పాసై నీట్ రాయొచ్చని. అది చదివిన వారంలోనే కోఠీ వెళ్లి, పాత పుస్తకాల షాపుల్లో తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ పుస్తకాలు కొన్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అసలే చెప్పలేదు. రాత్రిళ్లు, ఇంజినీరింగ్ వదిలేసి మెడిసిన్‌కి వెళ్లినవాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుంటే, నాకు బాగా తెలుసనుకున్న ఒక పేరు తగిలింది. ఆలన్ బాకీ.

రిజర్వేషన్ల మీద వాదనలు చదివినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. స్పెల్లింగ్ చూసి మనవాళ్లు రకరకాలుగా రాస్తారు గానీ, ఆయన పేరు పలికేది దాదాపు మన 'బాకీ' లాగే. కాలేజీ డిబేట్‌లో నేనూ వాడుకున్నాను ఆ పేరుని. అమెరికా సుప్రీంకోర్టే కోటా చెల్లదంది చూడండి అని. అప్పటికి ఆయన ఇంజినీరని నాకు తెలీదు. మెడికల్ సీటు కోసం తిరిగినప్పుడు ఆయన వయసు ముప్పై మూడని కూడా తెలీదు.

*

బాకీ 1940లో మినియాపొలిస్‌లో పుట్టాడు. తండ్రి పోస్ట్‌మాన్, తల్లి టీచరు. మిన్నెసోటా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చేశాడు. చదువు ఖర్చుల కోసం నేవీ వాళ్ల శిక్షణ పథకంలో చేరాడు కాబట్టి, డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు మెరైన్ దళంలో పనిచెయ్యాల్సొచ్చింది. అందులో కొన్ని నెలలు వియత్నాం యుద్ధంలో గడిచాయి. 1967లో బయటికొచ్చి, కాలిఫోర్నియాలో నాసా వాళ్ల ఏమ్స్ పరిశోధన కేంద్రంలో ఇంజినీరుగా చేరాడు. 1970లో స్టాన్‌ఫర్డ్ నుంచి మాస్టర్స్ కూడా తెచ్చుకున్నాడు. పెళ్లయింది. నాసా ఉద్యోగం. మన లెక్కలో అయితే సెటిలయిపోయాడు.

మెరైన్స్‌లో ఉన్నప్పుడు చూసిన డాక్టర్ల వల్ల ఆయనకి మెడిసిన్ మీద మనసు పడిందంటారు. ఉద్యోగం చేస్తూనే మెడికల్ కాలేజీలు అడిగే కెమిస్ట్రీ, బయాలజీ కోర్సులు చేశాడు. డ్యూటీ అయ్యాక దగ్గర్లోని ఒక హాస్పిటల్లో ఎమర్జెన్సీ వార్డులో జీతం లేకుండా పనిచేశాడు. ఇది చదివినప్పుడు ఒక్క నిమిషం ఆగాను. మనం పదిహేనేళ్లకే ఒక కౌంటర్ దగ్గర తేల్చేసేదాన్ని, వాళ్లు ముప్పై దాటాక కూడా తేల్చుకోవచ్చు.

ఆ వెసులుబాటుకి కారణం వాళ్ల మంచితనం కాదు. ఒక చరిత్ర ఉంది. 1893లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ మొదలైనప్పుడు, ముందు డిగ్రీ ఉంటేనే మెడిసిన్ అని షరతు పెట్టింది. అప్పటి అమెరికాలో అది వింత. డబ్బు కట్టినవాళ్లని కట్టినట్టు చేర్చుకునే ప్రైవేటు మెడికల్ స్కూళ్లు ఎక్కడ చూసినా ఉండేవి. 1910లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున ఏబ్రహామ్ ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్ల మీద రిపోర్టు ఇచ్చాడు. చాలావాటిని మూసెయ్యాలన్నాడు. కనీసం రెండేళ్లయినా కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివినవాళ్లనే తీసుకోవాలన్నాడు. ఫ్లెక్స్‌నర్ డాక్టరు కాదు, స్కూలు నడిపిన టీచరు. అమెరికాలో వైద్యవిద్య సంప్రదాయమని ఇవాళ మనం అనుకునేదానికి ముగ్గు పోసినవాడు వైద్యం బయటి మనిషి. ఆ సంస్కరణ వల్ల నాసిరకం స్కూళ్లు పోయాయి. వాటితోపాటు నల్లవాళ్ల కోసం ఉన్న ఏడు మెడికల్ స్కూళ్లలో హోవర్డ్, మెహారీ రెండే మిగిలాయి. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

మొత్తానికి డిగ్రీ తర్వాతే మెడిసిన్ అన్నాక, ఏ డిగ్రీ అన్నది రెండో విషయమైపోయింది. కావలసిన సైన్స్ కోర్సులు ఉంటే చాలు, ఇంజినీరయినా, చరిత్ర చదివినవాడైనా అప్లయ్ చేసుకోవచ్చు. డిగ్రీలు అయిపోయినవాళ్లు ఆ కోర్సులు పూర్తిచేసుకోడానికి కొలంబియా యూనివర్సిటీ 1955లోనే ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ పెట్టింది. కాబట్టి బాకీ ముందు తలుపుంది. కానీ అది పూర్తిగా తెరిచిలేదు.

*

1971లో బాకీ మెడికల్ స్కూళ్లకి ఉత్తరాలు రాసి, నా వయసు అడ్డవుతుందా అని అడిగాడు. వచ్చిన జవాబుల్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ వాళ్లది ఒకటి. ముప్పై దాటినవాళ్ల విషయంలో వయసుని గట్టిగానే లెక్కలోకి తీసుకుంటామని, అలాంటివాళ్లు మామూలుకంటే చాలా మెరుగ్గా ఉండాలని దాని సారాంశం. డాక్టరుగా పనిచేసే ఏళ్లు తక్కువ కాబట్టి వాళ్ల మీద పెట్టే ఖర్చు గిట్టదని లెక్క. అప్లయ్ చేశాక నార్త్‌వెస్టర్న్ అయితే మా వయోపరిమితి దాటిపోయావని చెప్పేసింది. ఒకటి కాదు, పదికి పైగా కాలేజీలు కాదన్నాయి.

డేవిస్‌లో ఆయన్ని 1973లో ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసర్‌కి బాకీ నచ్చాడు. సీటు ఇవ్వొచ్చని రాశాడు. ఆయనకున్న పెద్ద ఇబ్బంది ముప్పై మూడేళ్ల వయసేనని కూడా రాశాడు. బాకీకి 500కి 468 మార్కులు వేశారు. కానీ అత్తగారి జబ్బు వల్ల అప్లికేషన్ ఆలస్యమైంది. అది పూర్తయ్యేసరికి చాలా సీట్లు నిండిపోయాయి. ఆ తర్వాత జనరల్ లిస్టులో 470కి తక్కువ వచ్చినవాళ్లెవరినీ తీసుకోలేదు. రెండు మార్కులు. మన ఎంసెట్ ఇళ్లలో ఈ రెండు మార్కుల బాధ తెలియనివాళ్లు ఉండరు.

అదే సమయంలో 'ప్రత్యేక అడ్మిషన్ల' కింద ఉంచిన 16 సీట్లలో నాలుగు ఇంకా ఖాళీగా ఉన్నాయి. మొత్తం సీట్లు వంద. ఆ పదహారూ వెనకబడ్డ మైనారిటీ విద్యార్థులకి. బాకీ చూపు అక్కడ ఆగింది. ఆ జులైలో యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు, ఈ పద్ధతి చట్టవిరుద్ధమని. అడ్మిషన్ల ఆఫీసులో పనిచేసే ఒకాయనే సానుభూతితో జవాబిచ్చి, న్యాయసలహా తీసుకోమని దారి చూపించాడు. 1974లో మళ్లీ అప్లయ్ చేస్తే, ఆరుగురిలో ఒకరు బాగా తక్కువ మార్కులు వేశారు. 600కి 549 వచ్చినా సీటు రాలేదు. ఆ జూన్‌లో కేసు వేశాడు.

ఇక్కడ నాకొక ప్రశ్న వచ్చింది. కాలేజీలు ఉత్తరాల్లో రాసింది వయసు గురించి. మరి ఆయన వయసు మీద కేసెందుకు వెయ్యలేదు?

చట్టం చూస్తే అర్థమైంది. 1974 నాటికి మెడికల్ సీటు విషయంలో వయసు వివక్ష మీద పోరాడ్డానికి చెప్పుకోదగ్గ ఆధారమే లేదు. 1967లో వచ్చిన వయో వివక్ష చట్టం ఉద్యోగాలకి సంబంధించింది, అదీ నలభై దాటినవాళ్లకి. ఫెడరల్ డబ్బుతో నడిచే సంస్థల్లో వయసు వివక్ష కూడదన్న చట్టం 1975లో వచ్చింది, అమల్లోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 1976లో యాభై ఏళ్లకే బలవంతంగా రిటైర్ చేయించిన ఒక పోలీసు అధికారి కేసులో సుప్రీంకోర్టు, జాతి వివక్షని చూసినంత నిశితంగా వయసు విషయాన్ని చూడక్కర్లేదని తేల్చింది. జాతి సంగతి వేరు. దాని వెనక పద్నాలుగో రాజ్యాంగ సవరణ ఉంది, 1964 పౌరహక్కుల చట్టం ఉంది. ఆ రెండూ బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం పోరాడి తెచ్చుకున్నవి. ముప్పై నాలుగేళ్ల తెల్ల ఇంజినీరుకి కోర్టు మెట్లెక్కడానికి దొరికిన గట్టి ఆధారం అదే. దాన్నే పట్టుకున్నాడు.

ఆయన్ని దొంగ అని నేను అనడం లేదు. పదహారు సీట్లలో తనని పోటీకి రానివ్వకపోవడం ఆయనకి నిజంగానే అన్యాయం అనిపించింది. కానీ అదే కాలేజీలో ఇంకో తలుపు కూడా ఉంది. డీన్ తన ఇష్టం మీద ఏటా కొద్దిమందిని చేర్చుకునేవాడు. రాజకీయ నాయకులకి, పెద్ద చేతులవాళ్లకి కావలసినవాళ్లు అలా లోపలికొచ్చేవారు. మన మేనేజ్‌మెంట్ కోటాకి చుట్టం అన్నమాట. దాని మీద బాకీ కేసు వెయ్యలేదు. ఇంకెవరూ వెయ్యలేదు.

ఇక ఆ పదహారు సీట్లు ఎందుకొచ్చాయో కూడా చూడాలి. 1968లో డేవిస్ మెడికల్ స్కూల్ మొదటి బ్యాచ్‌లో యాభైమంది ఉన్నారు. అందులో నల్లవాళ్లు సున్నా. మెక్సికన్ అమెరికన్లు సున్నా. ఆదివాసులు సున్నా. ఫ్లెక్స్‌నర్ తర్వాత మూతపడ్డ ఆ అయిదు కాలేజీల సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తలుపులు మూసిన చోటే కదా, తర్వాత ఎవరో ఒకరు కిటికీ పెట్టాల్సొచ్చేది.

*

1978 జూన్ 28న తీర్పొచ్చింది. తొమ్మిదిమంది జడ్జీలు, ఆరు అభిప్రాయాలు. నలుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. మధ్యలో జస్టిస్ లూయిస్ పవెల్ రెండు వైపులా సగం సగం ఒప్పుకున్నాడు. సీట్లు విడిగా పక్కన పెట్టడం చెల్లదు, బాకీని చేర్చుకోవాలి. అయితే, ఎంపికలో జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చు. ఈ రెండో భాగం 45 ఏళ్లు నిలబడింది. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది.

ఈ కేసులో నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఒకటుంది. ఆ పదహారు సీట్లు లేకపోతే బాకీకి సీటు వచ్చేదా? కింది కోర్టు, వచ్చేదని ఆయన రుజువు చెయ్యలేకపోయాడంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, రాదని యూనివర్సిటీయే రుజువు చెయ్యాలని భారం తిప్పింది. యూనివర్సిటీ, మేం రుజువు చెయ్యలేమని ఒప్పేసుకుంది. అంతే. ఆ ప్రశ్న మీద సాక్ష్యాల విచారణ పూర్తిగా జరగనే లేదు. ఆయన కంటే ముందున్నవాళ్లు ఎందరో, వయసు వల్ల ఎన్ని మార్కులు తగ్గాయో, ఏదీ తేలలేదు. ప్రపంచమంతా పాఠంగా చదివే కేసు, "లేకపోతే వచ్చేదే" అన్న ఊహ మీద నిలబడింది. మా బాబాయ్ కథ కూడా అంతే కదా.

1978 సెప్టెంబరులో, బయట నిరసనలు జరుగుతుండగా, బాకీ డేవిస్‌లో చేరాడు. అప్పటికి 38. నాలుగేళ్లకి పట్టా తీసుకున్నాడు. మేయో క్లినిక్‌లో అనస్థీషియాలో శిక్షణ పొంది, మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో మత్తు డాక్టరుగా పనిచేశాడు. పత్రికల వాళ్లకి దూరంగా ఉండిపోయాడు. కాలేజీల లెక్క ప్రకారం ఖర్చు గిట్టని మనిషి, నిశ్శబ్దంగా డాక్టరుగా బతికాడు. వయసు గురించి ఆ ఉత్తరాల్లో ఉన్న లెక్క తప్పని చూపించడానికి ఆయన జీవితమే చాలు. కానీ చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఆ లెక్క పక్కన కనిపించదు. కోటా పక్కన కనిపిస్తుంది.

*

ఇది చదివాక మన దగ్గర ఇలాంటి కేసేమిటని వెతికితే, వెతకక్కర్లేకుండానే చంపకం దొరైరాజన్ కేసు ఎదురైంది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు. లా చదివినవాళ్లకి కంఠతా వచ్చే పేరు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ప్రతి 14 సీట్లని కులాల వారీగా, మతాల వారీగా పంచేవారు. బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనకబడ్డ హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. ఇది మన కథ కూడా. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. ఆ 330 మెడికల్ సీట్లున్న కాలేజీల్లో విశాఖ, గుంటూరు కూడా ఉన్నాయి.

తీర్పు ఆ జీవోని కొట్టేసింది. దానికి జవాబుగా ఆ జూన్‌లోనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది. కాలేజీ సీట్లలో ఇవాళ్టి రిజర్వేషన్లకి పునాది అదే. ఇదంతా తెలిసిందే. తెలియనిది, కనీసం నాకు తెలియనిది, చంపకం ఎవరన్నది. నేను పద్దెనిమిదేళ్ల అమ్మాయిని ఊహించుకున్నాను. ఆవిడ బీఏ అయింది 1934లో. అంటే మెడికల్ సీటు గురించి విచారించే నాటికి డిగ్రీ అయ్యి పదహారేళ్లు. అమెరికా వాళ్లు ఇవాళ 'నాన్ ట్రెడిషనల్ అప్లికెంట్' అనే మాట ఆవిడకి అచ్చంగా సరిపోతుంది. ఇంకో సంగతి తీర్పులోనే ఉంది. ఆవిడ అసలు అప్లయ్ చెయ్యలేదు. వాకబు చేస్తే, బ్రాహ్మణురాలు కాబట్టి రాదని తెలిసిందని చెప్పి కోర్టుకెళ్లింది. ప్రభుత్వం దాని మీద పేచీ పెట్టలేదు.

అదే తీర్పులో రెండో పిటిషనర్ శ్రీనివాసన్, ఇంజినీరింగ్ సీటు కోసం. మెడిసిన్, ఇంజినీరింగ్ ఒకే తీర్పులో పక్కపక్కన. అక్కడా ప్రభుత్వం తన విచక్షణతో ఇచ్చుకునే మెడికల్ సీట్లు 12 ఉన్నాయి. వివాదం మాత్రం కులాల వారీ లెక్క మీదే నడిచింది.

అంత పెద్దయ్యాక ఒక స్త్రీకి మెడిసిన్ చదవాలని ఎందుకు అనిపించింది? పదహారేళ్లు ఏం చేసింది? 1934లో బీఏ చదివిన అమ్మాయికి అప్పుడే ఆ తలుపు ఎందుకు తట్టాలనిపించలేదు, లేదా ఎవరు తట్టనివ్వలేదు? ఈ ప్రశ్నలు ఏ లా పుస్తకంలోనూ లేవు. కోర్టు అడిగింది ఒక్కటే, మీ కులం వల్ల రాలేదా అని. మనిషికి ఎన్ని అడ్డంకులున్నా, చట్టంలో పేరున్న అడ్డంకే కాగితం మీదికొస్తుంది. మిగతావి ఇంట్లోనే ఉండిపోతాయి. కొన్నాళ్లకి ఆ మనిషి కూడా, తనకి అడ్డొచ్చింది అదొక్కటే అని నమ్మడం మొదలుపెడతాడు.

నేను నమ్మాను. మాది ఓసీ కుటుంబం. నన్ను ఎంపీసీలోకి నెట్టింది నాన్న భయం, నా నోరు తెరవనితనం, పదిహేనేళ్లకే దారి తేల్చెయ్యమనే మన పద్ధతి. ఆ తర్వాత మళ్లీ ఆలోచించుకునే వీలు లేకుండా చేసింది బయాలజీ నిబంధన, వయోపరిమితి. వీటిలో ఏదీ పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకోడానికి పనికిరాదు. రిజర్వేషన్ మాట పనికొస్తుంది. అందరికీ ఒక్క ముక్కలో అర్థమైపోతుంది. పైగా నాన్నకి తప్పు అంటదు, నాకూ అంటదు. అది మోసేది ఎవరో, ఆ కాలేజీలో నా పక్క సెక్షన్లో బైపీసీ చదివి, రెండుసార్లు రాసి, సీటు తెచ్చుకుని ఇవాళ ఏ ఏరియా హాస్పిటల్లోనో డ్యూటీ చేస్తున్నవాడు.

*

మొన్న ఉగాదికి అందరం ఊళ్లో కలిశాం. బాబాయ్ మామూలుగానే మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చిన మా చెల్లెలి అత్తగారివాళ్లకి ఈ కథ ఇంకా తెలీదు కదా. ఈసారి నేను తలెత్తాను.

"నేను అప్లయ్ చెయ్యలేదు బాబాయ్. మెడికల్ పేపరు రాయనే లేదు."

ఆయన కాసేపు చూశాడు. నాన్న పచ్చడి గిన్నె వైపు చూస్తున్నారు.

"అదే కదరా నేననేది," అన్నాడు బాబాయ్. "రాసినా వచ్చేదంటావా?"

డేవిస్ యూనివర్సిటీ పెద్ద పెద్ద లాయర్లని పెట్టుకుని కూడా జవాబు చెప్పలేక వదిలేసిన ప్రశ్న అది. నా దగ్గర మాత్రం ఏముంటుంది?

"రాస్తే గానీ తెలీదు బాబాయ్," అన్నాను.

ఎమ్‌బీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆ పైన పీజీ అంటే ఇంకో మూడేళ్లు. ఇంటి లోనుకి ఇంకా పన్నెండేళ్లుంది. లెక్క వేస్తే 1971లో ఆ కాలేజీ రాసిన ఉత్తరమే సరైనదనిపిస్తుంది కొన్ని రాత్రులు. ఓపెన్ స్కూల్లో బయాలజీకి ఫారం తెచ్చుకున్నాను, ఇంకా కట్టలేదు. బోటనీలో మూడో చాప్టర్లో ఉన్నాను. కోఠీలో కొన్న ఆ పుస్తకంలో ముందు ఎవరో చదివినవాళ్లు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నారు. ముఖ్యమైన చోట్లన్నీ వాళ్లే గుర్తుపెట్టి ఉంచారు. వాళ్లకి సీటొచ్చిందో లేదో.